ఉత్తర కార్తెలో ఐర్లండ్ పల్లెలు

సెప్టెంబర్ 15, 2025, సోమవారం. డబ్లిన్ నుంచి టల్లమోర్

బయలుదేరే ముందు నాన్నకు ఫోన్ చేశాను. కొండపి దగ్గర మా ఊళ్లో ఉత్తర కార్తె వచ్చి రెండు రోజులైందట, చినుకు లేదట. "ఉత్తర చూసి ఎత్తర గంప అన్నార్రా పెద్దలు. నేనింకా చూస్తూనే ఉన్నా. నువ్వెక్కడికి ఎత్తావు గంప?" అన్నాడు. పల్లెటూళ్లు చూడ్డానికి వెళ్తున్నామని చెప్పా. అవతల కాసేపు మాట లేదు. "పల్లెటూరు వద్దని ఏడేళ్ల కింద విమానం ఎక్కినోడివి, ఇప్పుడు సెలవు పెట్టి పల్లెటూళ్లు చూస్తావా!"

దీనికి మూలం ఆఫీసు క్యాంటీన్‌లో జరిగిన ఒక గొడవ. ఐర్లండ్ వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో దాదాపు 38 శాతం వ్యవసాయానిదే. యూరప్ యూనియన్‌లో ఇంత వాటా ఇంకే దేశంలోనూ లేదు. 2021 చట్టం ప్రకారం దేశం మొత్తం 2018తో పోలిస్తే 2030కి 51 శాతం తగ్గించాలి. అందుకోసం వ్యవసాయం తను వదిలేదాంట్లో 25 శాతం తగ్గించుకోవాలి, కరెంటు 75, రవాణా 50. మా టీమ్‌లో సైకిల్ మీద ఆఫీసుకొచ్చే ఒకాయన "రైతులకు ఎందుకీ రాయితీ?" అన్నాడు. కార్క్ కౌంటీ నుంచి వచ్చిన ఇంకొకాయన ప్లేటు పక్కకు నెట్టి లేచిపోయాడు. వాళ్లన్నకు ఆవులున్నాయి. మర్నాడు నా డెస్క్ దగ్గరకొచ్చి, "నువ్వూ రైతు కొడుకువేగా, మా అన్న దగ్గర రెండు రోజులుండి చూడు. తర్వాత ఎవరిది తప్పో నువ్వే చెప్పు" అన్నాడు. తీర్పు చెప్పేంత పెద్దమనిషిని కాను గానీ, సెలవులు మిగిలి ఉన్నాయి.

మా అత్తగారికి ఇదంతా నచ్చలేదు. వేసవిలో డబ్లిన్‌లో మనవాళ్ల మీద దాడుల వార్తలు చూసినప్పటి నుంచి ఆవిడకు టెన్షన్. "ఊళ్లల్లో జాగ్రత్త" అని రోజుకు రెండు మెసేజ్‌లు. మా ఆవిడ మాత్రం పులిహోర కలిపి, రబ్బరు బూట్లు కొని, నాకంటే ముందే కారెక్కింది.

దారి పొడుగునా పచ్చదనమే. ఈ పచ్చదనం గురించి ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ ఫోటోలు పెట్టి మురిసిపోయినవాణ్నే. ఇప్పుడు కొంచెం తెలుసు. కంటికి కనిపించేది చాలాచోట్ల ఒకే రకం గడ్డి, రైగ్రాస్. దాని నిగనిగలాడే రంగులో సగం వానది, సగం యూరియా బస్తాది. ఇవ్వాళ సెప్టెంబర్ 15 కదా, ఈ రోజు నుంచి జనవరి దాకా రసాయన ఎరువు చల్లకూడదు. పేడ జావకైతే అక్టోబర్ 1 నుంచి నిషేధం. ఇక్కడి రైతుకు కార్తెలు లేవు గానీ తేదీలున్నాయి. వాళ్లు దీన్ని కాస్త వెటకారంగా "క్యాలెండర్ సేద్యం" అంటారు.

సెప్టెంబర్ 16. స్క్రెగన్

టల్లమోర్ పక్కన స్క్రెగన్‌లో జాతీయ దున్నకం పోటీలు. 1931లో ఇద్దరు స్నేహితుల పందెంతో మొదలైందంటారు. ఇప్పుడు మూడు రోజుల్లో రెండు లక్షలకు పైగా జనం వస్తారు. పేరుకు దున్నకమే గానీ మా ఒంగోలు ఎద్దుల పందేలప్పుడు జరిగే తిరనాళ్లను వందతో గుణించుకోవాలి. ట్రాక్టర్లు, బ్యాంకులు, బూట్లు, రాజకీయ పార్టీల గుడారాలు, ఐస్‌క్రీమ్. అసలు దున్నేవాళ్లు మాత్రం దూరంగా ఒక మూల, చాలు వంకర పోకుండా నిశ్శబ్దంగా దున్నుకుంటున్నారు. గుర్రాలతో దున్నేవాళ్ల దగ్గర నిలబడి ఆ మట్టి తిరగబడే తీరు చాలాసేపు చూశాను. మనకైతే చాలు చూసి రైతును చెప్పొచ్చంటారు, ఇక్కడ చాలు కొలిచి మార్కులే వేస్తారు.

పేడ జావ చల్లే యంత్రాల దగ్గరే ఎక్కువ గుంపు. పాత పద్ధతిలో ట్యాంకర్ వెనక ఒక రేకు ఉండేది, జావ దానికి తగిలి గాల్లోకి ఎగజిమ్మేది. అందులోని అమ్మోనియా చాలా భాగం గాలికే పోయేది, ఊరంతా కంపు. ఇప్పుడు సన్నటి గొట్టాల వరసతో గడ్డి మొదట్లో నేలకు ఆనించి పోస్తారు. ఒక్కో యంత్రం ధర చూసి మా ఆవిడ "ఇది మనింటి లోన్ కంటే ఎక్కువ" అంది. పక్కన టీగాస్క్ గుడారం, అంటే ఇక్కడి వ్యవసాయ పరిశోధన సంస్థ. మూడు మాటలు నేర్చుకుని బయటికొచ్చాను: క్లోవర్, ప్రొటెక్టెడ్ యూరియా, తొందరగా కోతకు పంపడం. క్లోవర్ మన పిల్లిపెసర, జీలుగ లాంటిదే, వేరు బుడిపెల్లో నత్రజని పట్టి ఎరువు ఖర్చు తగ్గిస్తుంది. ప్రొటెక్టెడ్ యూరియా అంటే నత్రజని గాలికి పోకుండా మందు పూసిన యూరియా. మూడోది వినడానికి కొంచెం కష్టంగానే ఉంటుంది. మాంసం కోసం పెంచే పశువును నాలుగు నెలలు ముందు కబేళాకు పంపితే అది భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును నాలుగు నెలలు తక్కువ వదులుతుంది. లెక్క లెక్కే.

ఇవేవీ ఉత్తుత్తి మాటలు కావు. 2018లో నాలుగు లక్షల టన్నులు దాటిన రసాయన నత్రజని వాడకం 2023కి 2.8 లక్షల టన్నులకు దిగింది. ఉక్రెయిన్ యుద్ధంతో ఎరువు ధర మండిపోవడం కూడా కారణమే, చట్టం ఒక్కదానికే ఆ గొప్ప ఇవ్వలేం. ఆ ఏడాది వ్యవసాయ ఉద్గారాలు 4.6 శాతం తగ్గాయి.

మధ్యాహ్నం చిప్స్ తింటూ బల్ల పంచుకున్న పెద్దాయనది లీట్రిమ్ కౌంటీ. డెబ్భై దాటాయట. తల్లీదూడలుగా పెంచి దూడల్ని సంతలో అమ్మే పద్ధతి, ఇరవై ఆవులు కూడా లేవు. ఈ దేశంలో 1,35,000 కమతాలుంటే రైతుల్లో మూడోవంతు మంది 65 దాటినవాళ్లే. ఈయన ఆ లెక్కలో ఒకడు. "డబ్లిన్ టీవీలో రైతు అంటే నన్నూ కార్క్ పాల దొరనూ ఒకే కుర్చీలో కూర్చోబెడతారు" అని నవ్వాడు. తేడా నిజమే. 2022లో పాడి రైతు సగటు ఆదాయం లక్షన్నర యూరోల దాకా వెళ్లింది, మరుసటేడే 50,000 కిందికి పడింది. దూడలు అమ్ముకునే ఈయన లాంటి రైతులకు 2023లో సగటున పది వేలు కూడా రాలేదు. అదీ చాలావరకు యూరప్ ఇచ్చే సబ్సిడీయే. ఆయనకు అన్నిటికంటే కోపం మెర్కొసూర్ మీద, అంటే బ్రెజిల్ లాంటి దక్షిణ అమెరికా దేశాలతో యూరప్ వ్యాపార ఒప్పందం మీద. "నా ఆవు వదిలే గాలి భూమికి చెడ్డదట. అడవి నరికి పెంచిన బ్రెజిల్ ఆవు ఓడెక్కి వస్తే మంచిదట." కొడుకు ఏం చేస్తాడని అడిగా. ఆస్ట్రేలియాలో ఎలక్ట్రీషియన్. తర్వాత మా ఇద్దరికీ మాటలు దొరకలేదు. నేనూ ఒక రైతుకు దూరంగా ఉన్న కొడుకునే కదా.

సెప్టెంబర్ 17. క్లారా బాగ్

బాగ్ అంటే వేల ఏళ్లుగా నాచు కుళ్లకుండా పేరుకున్న నేల. అలా పేరుకున్న నాచునే పీట్ అంటారు. దాన్ని ఎండబెట్టి పొయ్యిలోకి వాడతారు, అదే టర్ఫ్. చెక్క బాట మీద నడుస్తుంటే కింద నేల నీళ్ల పరుపులా ఉంది. 1980ల్లో ఈ బాగ్‌ను కూడా తవ్వడానికి కాలువలు తీశారు, తర్వాత ప్రభుత్వం ఆపించి ఆ కాలువల్నే పూడ్పించింది. తడిగా ఉంటే కార్బన్‌ను దాచుకుంటుంది, ఎండితే వదిలేస్తుంది. ఈ కౌంటీలో తరాల తరబడి ఉద్యోగమంటే బోర్డ్ న మోనా అనే పీట్ కంపెనీయే. 2021 జనవరిలో అది పీట్ తవ్వకం పూర్తిగా మానేసింది. ఇప్పుడు అదే కంపెనీ నేలను తిరిగి తడిపే పనీ, గాలి మరల పనీ చేస్తోంది.

రైతుల భయం ఇంకొకటి. బాగ్ అంచుల్లో తాతలు నీళ్లు తీసేసి పచ్చిక చేసుకున్న పొలాలున్నాయి. నేలను తడపమని చెప్తే ముందు మునిగేది అవే. 2024లో వచ్చిన యూరప్ ప్రకృతి పునరుద్ధరణ చట్టం పేరెత్తితే చాలు, ఇక్కడ జనం గొంతు మారుతుంది. రైతుకు బలవంతం లేదని ప్రభుత్వం చెబుతోంది. బాట దగ్గర కనిపించిన ఒకావిడ "ఇవ్వాళ లేదు, సరే" అంది. అంతే అంది.

సెప్టెంబర్ 18. ఫర్మాయ్

దక్షిణాన కార్క్ కౌంటీలోకి దిగేసరికి సాయంత్రం. ఫోన్ చూపించిన దారి ఒక బోరీన్‌లోకి తీసుకెళ్లింది. బోరీన్ అంటే మన డొంకదారి, రెండు పక్కలా ఎత్తు కంచె, మధ్యలో గడ్డి. ఎదురుగా ట్రాక్టరొచ్చింది. నేను వెనక్కి పోలేక చెమటలు కక్కుతుంటే ట్రాక్టర్ ఆయనే దిగొచ్చి, తాళం తీసుకుని, మా కారును మూడొందల మీటర్లు రివర్స్‌లో సర్రున తీసుకెళ్లి పెట్టాడు. "ఆవుల దగ్గరికేనా? తెలుసులే, ఇండియన్లు వస్తున్నారని చెప్పాడు."

కొలీగ్ అన్నగారికి యాభై దాటాయి. మాట తక్కువ, నడక వేగం. వెళ్లగానే టీ, టీ అవగానే పాలు పిండే పార్లర్. ఆవులు వాటంతట అవే వరసగా వచ్చి రెండు పక్కలా ఏటవాలుగా నిలబడతాయి, మనిషి మధ్యలో గుంటలో నిలబడి పొదుగులకు యంత్రం తగిలిస్తాడు. 130 ఆవులు, గంటన్నర. మా అమ్మ రెండు గేదెల దగ్గర అంతసేపు ఉంటుంది, సగం వాటితో మాట్లాడ్డానికే.

వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. అక్కడ రాత్రి పదకొండు దాటింది, అయినా ఎత్తింది. నూట ముప్ఫై ఆవుల్ని చూసి ఒకటే అడిగింది: "ఫ్యాట్ ఎంతరా?" నేను అనువదించాను. ఆయన చేతులు తుడుచుకుని ఫోన్ తీసి ఆ రోజు రిపోర్టు చూశాడు. 4.6. "మా గేదెకు ఏడు తగ్గితే కేంద్రంలో మొహం మాడుస్తాడని చెప్పు" అంది అమ్మ. ఏడు అనగానే ఆయన మొహం చూడాలి. ఏం జాతి, ఏం మేత, ఎన్ని లీటర్లు... నేను మధ్యలో దుబాసీని. ఇక్కడ కూడా పాలకు కాదు, అందులోని వెన్నకూ ప్రొటీన్‌కూ కిలోల లెక్కన కట్టి, నీళ్లు మోసే ఖర్చు తీసేసి డబ్బిస్తారు. ఆ లెక్క చెప్తే అమ్మ వెంటనే ఒప్పుకుంది: "న్యాయమే."

సెప్టెంబర్ 19. అక్కడే

ఈ రోజు గురించి ఎక్కువ రాయాలి.

తెల్లారి పాలు పిండాక ఆయన వంటింటి బల్ల మీద ఒక పాత కవరు తిప్పి వెనక లెక్క వేశాడు. యూరప్ నైట్రేట్ నిబంధన 1991 నాటిది. హెక్టారు నేల మీద పశువుల పేడ, మూత్రం ద్వారా పడే నత్రజని ఏడాదికి 170 కిలోలు దాటకూడదు. ఐర్లండ్‌లో గడ్డి ఏపుగా పెరుగుతుంది కాబట్టి అదనపు షరతులకు ఒప్పుకున్న రైతులకు 250 దాకా మినహాయింపు ఇచ్చారు. సుమారు ఏడు వేల మంది దాని మీద బతుకుతున్నారు, ఎక్కువగా పాడి రైతులే. నీటి నాణ్యత బాగుపడలేదని 2024 జనవరి నుంచి చాలా ప్రాంతాల్లో దాన్ని 220కి కోశారు. మొత్తం మినహాయింపు గడువు ఈ డిసెంబర్ 31తో అయిపోతుంది. ఉంటుందో ఊడుతుందో బ్రసెల్స్‌లోని యూరప్ పెద్దలు చెప్పాలి.

ఆయన సొంత నేల 50 హెక్టార్లు, అంటే 124 ఎకరాలు. ఒక మామూలు ఆవుకు 92 కిలోల నత్రజని అని ఇప్పటి లెక్క. 250 అయితే 135 ఆవులు. 220 అయితే 119. 170 అయితే 92. కవరు మీద ఈ మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన "పార్లర్ అప్పు" అని రాసి చుట్టూ గీత గీశాడు. ఆ అప్పు 135 ఆవుల్ని చూసి ఇచ్చింది.

"అప్పు ఎప్పుడు చేశారు?" అడిగా.

"2015లో."

ఇది వినగానే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. 1984 నుంచి 2015 మార్చి ఆఖరు దాకా యూరప్‌లో పాలకు కోటా ఉండేది. కోటా దాటి పోస్తే జరిమానా. మాకు పొగాకు ఉంది. బ్యారన్‌కి, అంటే కట్టెలు కాల్చి పొగాకు ఆరబెట్టే కొట్టానికి, ఇన్ని కిలోలని పొగాకు బోర్డు కేటాయిస్తుంది, ఎక్కువ పండిస్తే కోత. నాన్న జీవితమంతా ఆ అంకె చుట్టూనే తిరిగింది. అలాంటి అంకె ఒక రోజు పొద్దున్నే మాయమైతే? పైగా ప్రభుత్వమే "పెంచండి" అంటే? 2010లో ఐర్లండ్ ప్రభుత్వం వేసిన ప్రణాళికలో 2020కి పాల ఉత్పత్తి 50 శాతం పెంచాలని లక్ష్యం పెట్టారు. బ్యాంకులు అప్పులిచ్చాయి, డెయిరీలు పొడి ఫ్యాక్టరీలు కట్టాయి, సలహాదారులు ఇంటికొచ్చి మరీ చెప్పారు. ఆవులు సుమారు 11 లక్షల నుంచి 16 లక్షలకు చేరాయి. లక్ష్యం కంటే ఎక్కువే సాధించారు. కోటా పోయి ఏడేళ్లు తిరక్కముందే 2021 చట్టం.

2023లో మూడేళ్లలో రెండు లక్షల ఆవుల్ని తగ్గించే లెక్క ఒకటి ప్రభుత్వ కాగితాల్లో బయటపడింది. అది లెక్కే గానీ విధానం కాదన్నారు, అమలూ కాలేదు. కానీ ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. "టెక్సస్ నుంచి ఎవరో ఫోన్ చేసి మీ ఆవుల్ని కాల్చేస్తున్నారటగా అని అడిగాడు" అని నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఇప్పుడాయన ఏం చేశాడంటే, ఆవుల్ని తగ్గించే బదులు 11 ఎకరాలు కౌలుకు తీసుకున్నాడు. 130 ఆవులకు 220 లెక్కన సరిగ్గా అంత నేల కావాలి. రేపు 170 అయితే ఇంకో 40 ఎకరాలు. ఆయన పక్కవాడూ, వాడి పక్కవాడూ అదే పనిలో ఉన్నారు, కౌలు రేట్లు పెరిగిపోయాయి. ఆ 11 ఎకరాల్లో మొన్నటిదాకా బార్లీ పండేదట. బార్లీ పండించేవాడు పాడి రైతుతో కౌలు పోటీ పడలేడు. కానీ వాతావరణ లెక్కలో చూస్తే బార్లీ చేనే మంచిది, ప్రభుత్వం కూడా పంట భూమి పెంచాలనే అంటోంది! నీటిని కాపాడే నిబంధన గాలిని కాపాడే లక్ష్యాన్ని తినేస్తోంది. ఇది ఆయన చెప్పలేదు, మా ఆవిడ కవరు తనవైపు తిప్పుకుని చూసి చెప్పింది. ఆయన ఆమె కప్పులో ఇంకొంచెం టీ పోశాడు.

ఇక్కడిదాకా వింటే నేను పూర్తిగా ఆయన పక్షం. మధ్యాహ్నం నది దగ్గరికి వెళ్లాక అంత తేలిగ్గా లేదు.

ఫర్మాయ్ ఊరి మధ్య నుంచి బ్లాక్‌వాటర్ నది పోతుంది. పోయిన నెల దీని ఎగువన, మ్యాలో అనే ఊరి వైపు, వేల సంఖ్యలో చేపలు చచ్చి తేలాయి. కారణం తేలలేదు, కాబట్టి దాన్ని ఎవరి నెత్తిన రుద్దడమూ సరికాదు. ఆయనా గట్టున నిలబడి "మొదటి రోజు అందరూ మా వైపే చూశారు" అన్నాడు. కానీ నైట్రేట్ మాట వేరు. దక్షిణ, ఆగ్నేయ నదుల్లో నత్రజని ఎక్కువ, దానికి ప్రధాన కారణం వ్యవసాయం అని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ఏళ్లుగా చెబుతూనే ఉంది. దేశంలో సగానికి అటూ ఇటూగా మాత్రమే నదులు, చెరువులు, తీర జలాలు బాగున్నాయి.

దీని వెనక సంగతి నేను ఊహించినట్టు లేదు. నేను ఎరువు బస్తానే దొంగ అనుకున్నా. ఆవు ఒకచోట మూత్రం పోస్తే ఆ అడుగు నేల మీద ఏడాదంతా చల్లిన బస్తాతో కూడా రానంత నత్రజని పడుతుంది. గడ్డి అంతా తాగలేదు. శరదృతువు వానలకు అది కిందికి దిగి, భూగర్భ జలంలో కలిసి, నదికి చేరుతుంది. కార్క్ నేలలు నీళ్లు నిలవని మంచి నేలలు. అందుకే ఇక్కడ ఆవులు పదినెలలు బయటే మేయగలవు, అందుకే ఇక్కడ పాడి పెరిగింది, అందుకే కారేదీ ఎక్కువే. లీట్రిమ్ ముసలాయన బంకమట్టిలో నైట్రేట్ అంత కారదు, అక్కడ ఫాస్ఫరస్ బాధ. పాడికి ఏ నేల మేలో నదికి ఆ నేలే కీడు. దీనికి ఎవర్ని తిట్టాలి?

"మేం తగ్గిస్తే వేరే దేశం పోస్తుంది పాలు, భూమికి తేడా ఏముంది?" అని ఆయన అడిగాడు. ఇక్కడి పాలలో, మాంసంలో పదింట తొమ్మిది వంతులు ఎగుమతే. మీథేన్ విషయంలో ఆ వాదన కొంత నిలుస్తుంది. నది విషయంలో నిలవదు. నది ఎగుమతి కాదు. నేనది పైకి అన్నాను. ఆయన చాలాసేపు నీళ్లవైపు చూసి, "చిన్నప్పుడు దీంట్లో ఈత కొట్టేవాళ్లం" అన్నాడు. ఒప్పుకున్నాడో, మాట మార్చాడో తెలియలేదు.

సాయంత్రం కొట్టం కింద ట్యాంకు మూత తీసి కర్ర ముంచి చూపించాడు. లోపల పేడ జావ మూడడుగులు. అక్టోబర్ 1 లోపు ట్యాంకు ఖాళీ చేసుకోవాలి, తర్వాత జనవరి 12 దాకా చుక్క చల్లకూడదు. కానీ 48 గంటల్లో పెద్ద వాన సూచన ఉన్నా చల్లకూడదు, నేల నాని ఉన్నా చల్లకూడదు. వాతావరణం యాప్ తెరిచి మూస్తున్నాడు, తెరిచి మూస్తున్నాడు. నాన్న మబ్బువైపు చూసేది వాన పడాలని. ఈయన చూసేది పడకూడదని. "సెప్టెంబర్ ఆఖర్లో ఈ దేశంలో ప్రతి ట్యాంకరూ రోడ్డు మీదే ఉంటుంది. నేల బాగుందా అని కాదు, తేదీ అయిపోతోందని." తేదీ లేకపోతే ఏమవుతుందో కూడా ఆయనే చెప్పాడు. వాళ్ల నాన్న డిసెంబర్ వానలో ట్యాంకు ఖాళీ చేసేవాడట, వాగు రంగు మారేదట.

సెప్టెంబర్ 20. కార్క్ ఊరు

వాన. వెన్న మ్యూజియం చూశాం. ఒకప్పుడు ఇక్కడి వెన్న పీపాలు సముద్రాలు దాటి వెళ్లేవి, 1962 నుంచి కెర్రీగోల్డ్ పేరుతో వెళ్తోంది. మా ఆవిడ ఒక పాత కవ్వాన్ని చూసి మా అమ్మమ్మ ఇంటిదాని కంటే చిన్నదని తేల్చింది. హోటల్లో మిగిలిన పులిహోర, నిద్ర.

సెప్టెంబర్ 21, ఆదివారం. బరెన్

క్లేర్ కౌంటీలో బరెన్ అనే చోటు. ఎటు చూసినా సున్నపురాయి గుట్టలు, బూడిద రంగు పలకలు, పలకల మధ్య చీలికలు. మాచర్ల దారిలో నాపరాళ్ల క్వారీలు చూసినవాళ్లకు కొంచెం ఊహకొస్తుంది, కానీ ఇక్కడ ప్రతి చీలికలో గడ్డీ పువ్వూ ఉన్నాయి. ఆల్ప్స్ మొక్కా మధ్యధరా మొక్కా పక్కపక్కనే పెరిగే నేల ఇది.

ప్రపంచమంతా పశువుల్ని వేసవిలో కొండెక్కించి చలికాలం దింపుతుంది. బరెన్‌లో తలకిందులు. అక్టోబర్ చివర్లో కొండెక్కిస్తారు. వేసవంతా ఎండ తాగిన రాయి చలికాలం వెచ్చగా, పొడిగా ఉంటుంది. పశువులు ఎండు గడ్డిని మేసి దిగిపోతే, వసంతంలో పువ్వులకు వెలుతురు తగులుతుంది. పశువు లేకపోతే పువ్వు లేదు. కొన్నేళ్లు ఇక్కడ రైతులు పశువుల్ని కొట్టాల్లోనే పెట్టి సైలేజ్, అంటే ముగ్గబెట్టిన గడ్డి, మేపడం మొదలెట్టారు. గుట్టలన్నీ హేజల్ పొదలతో మూసుకుపోసాగాయి.

మమ్మల్ని గుట్ట ఎక్కించిన రైతు మాటకారి. 2005లో మొదలైన బరెన్ పథకంలో తొలినాళ్ల నుంచీ ఉన్నాడట. దాని కిటుకు ఆయన మాటల్లో: "అంతకుముందు స్కీముల్లో ఏం చేయకూడదో చెప్పి డబ్బిచ్చేవాళ్లు. ఇందులో ఏం పండిందో చూసి ఇచ్చారు." పొలానికి ఏటా పదికి మార్కులు వేస్తారు. మేత సరిగా అయిందా, ఎండుగడ్డి పేరుకుందా, పొదలు పాకాయా, ఊట దగ్గర నేల తొక్కుడు పడిందా. మార్కు ఎక్కువైతే డబ్బు ఎక్కువ, మరీ తక్కువైతే ఏమీ లేదు. ఎలా సాధిస్తావో నీ ఇష్టం.

"అంటే గుట్టకు ఫ్యాట్ పరీక్ష" అంది మా ఆవిడ తెలుగులో. ఆయన ఏంటని అడిగితే చెప్పాను. చప్పట్లు కొట్టాడు.

పథకంలో చేరినవాళ్లు మూడొందల పైచిలుకు రైతులు. 2022తో అది ముగిసి, మార్కుల పద్ధతి దేశవ్యాప్త పథకంలో కలిసింది. పెద్దదయ్యాక ఎలా ఉందని అడిగా. "అప్పుడు ఫోన్ చేస్తే మనిషి ఎత్తేవాడు. ఇప్పుడు నంబరు ఇస్తారు, నొక్కమంటారు."

నాకిక్కడ చాలా నచ్చింది, అందుకే కొంచెం అనుమానం కూడా. రాళ్ల గుట్టల్లో పాలు ఎటూ రావు, కాబట్టి పువ్వుకు డబ్బిస్తే రైతుకు లాభమే. ఫర్మాయ్‌లో ఒక ఆవును తగ్గించుకున్నందుకు ఆ ఆవు పాల డబ్బంతా ఏటేటా ఏ ఖజానా ఇస్తుంది? నది బాగుపడితే మార్కులు వేద్దామన్నా, నేలలో దిగిన నైట్రేట్ నదికి చేరడానికి కొన్నిచోట్ల ఏళ్లు పడుతుంది. ఈ ఏడు మంచిగా చేసినవాడికి పాత పాపం తాలూకు మార్కు పడుతుంది. ఇది ఆయన్నే అడిగాను. "అందుకే నేను పాడి పెట్టలేదు" అని గుట్ట దిగడం మొదలెట్టాడు.

అయినా ఒకటి మాత్రం ఈ వారంలో నాకు గట్టిగా అనిపించింది. రైతుకు కోపం నిబంధన మీద తక్కువ, అప్పు చేయించిన చెయ్యీ ఇప్పుడు వద్దంటున్న చెయ్యీ ఒకటే కావడం మీద ఎక్కువ. 2010లో పాలు పెంచమన్న ప్రభుత్వం అప్పటికే మీథేన్ గురించి ఎరగనిది కాదు. ఇంత కచ్చితంగా చెప్తున్నా గానీ, మా బ్యారన్‌లో ఏటా ఎన్ని టన్నుల కట్టెలు కాలుస్తామో ఆ ఫర్మాయ్ ఆయన అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. ఆ కట్టెల మీద వచ్చిన డబ్బుతోనే నేను చదివాను.

సెప్టెంబర్ 30, మంగళవారం. డబ్లిన్

తిరిగొచ్చి వారం దాటింది. క్యాంటీన్‌లో సైకిల్ ఆయన "ఏం తేల్చావు?" అని అడిగాడు. ఈపీఏ మే నెలలో వేసిన అంచనా ఆయనకు కంఠతా వచ్చు: అనుకున్నవన్నీ చేసినా 2030కి దేశం మొత్తం తగ్గింపు 23 శాతం దగ్గరే ఆగుతుందట, కావాల్సింది 51. నేను ఆ కవరు వెనక లెక్క గీసి చూపించాను. కార్క్ ఆయన కూడా వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఎవరూ ప్లేటు నెట్టలేదు, కానీ ఎవరూ ఒప్పుకోనూ లేదు. లంచ్ అయిపోయింది.

రాత్రి ఎనిమిదికి ఫర్మాయ్ నుంచి ఫోటో వచ్చింది. ట్యాంకులో ముంచి తీసిన కర్ర, మీద తడి గీత ఒక అడుగు దగ్గర. కింద ఒకే లైను: "వాన ఆపలేదు. అడుగు మిగిలింది. జనవరిలో కలుద్దాం." నేను అది చూస్తుండగానే నాన్న ఫోన్. అక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్ర పట్టలేదట. ఉత్తర పోయి హస్త వచ్చిందట.

"పడిందా?" అన్నాను.

"మబ్బేసింది" అన్నాడు.